పాత దెబ్బ నొప్పికి హోమియో: ఎనిమిది నెలలయ్యాక కూడా ఎదురు చూడాలా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఐదేళ్ల కిందట స్కూటీ హంప్ మీద ఒరిగినప్పుడు కుడికాలు ఆనించాను, మోకాలు మెలిపడింది. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. అప్పటినుంచి మెట్లు దిగుతుంటే నొప్పి, ఒక్కోసారి మోకాలు పట్టు తప్పుతుంది. ఎనిమిది నెలలుగా హోమియో వాడుతున్నాను: ఆర్నికా 200, రస్ టాక్స్ 200, పేరు రాయని తెల్లపొడి పొట్లాలు. మొదటి రెండు నెలలు చాలా తగ్గింది, ఇప్పుడు మళ్లీ పెరిగింది. ‘పాత దెబ్బ కదా, నొప్పి పెరిగిందంటే మందు పట్టిందన్నమాట’ అంటున్నారు. బీపీకి టెల్మిసార్టాన్ 40 వేసుకుంటాను. హోమియో కొనసాగించాలా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మందుల సంగతికి ముందు, మోకాలు పట్టు తప్పుతోందని రాశారే, అది తేలాలి. ఐదేళ్లయినా లోపల ఏం దెబ్బతిన్నదో ఇంతవరకు ఎవరూ చూసినట్టు లేదు. ఎక్స్‌రేలో కనబడేది ఎముక. మోకాలిని బిగించి ఉంచే లిగమెంట్లు గానీ, రెండెముకల మధ్య దిండులా ఉండే మెనిస్కస్ గానీ అందులో పడవు.

ఒకటి గుర్తు చేసుకోండి. పడిన రోజు మోకాలు ఎంతసేపట్లో వాచింది? గంటా రెండు గంటల్లోనే గట్టిగా వాచిపోయి ఉంటే కీలులో రక్తం చేరిందని అనుమానించాలి. ఏసీఎల్ అనే లిగమెంటు తెగినప్పుడు ఎక్కువగా ఇలాగే అవుతుంది, కొందరికి ‘టప్’మని చప్పుడు కూడా వినబడుతుంది. అదే మర్నాటికి మెల్లగా వాచి ఉంటే మెనిస్కస్ మీదకు అనుమానం పోతుంది. కాలు నేలకు ఆని, ఒళ్లు తిరిగి, మోకాలు మెలిపడితే ఈ రెంటిలో ఏదైనా దెబ్బతినొచ్చు. ఏసీఎల్ లేని మోకాలు పట్టు తప్పిన ప్రతిసారీ మెనిస్కస్ కొంచెం నలుగుతుంది, ఎముకల చివర నున్నటి పొరలా ఉండే మృదులాస్థి కొంచెం చెదురుతుంది. ఈ మోకాలికి అరుగుదల త్వరగా వచ్చేది అందుకే.

కాబట్టి ముందు ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. జయనగర్‌లోని సంజయ్ గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్ ఆస్పత్రి అయినా సరే, మీకు దగ్గర్లో ఉన్నదైనా సరే. మోకాలిని 20 నుంచి 30 డిగ్రీలు వంచి, కింది ఎముకను ముందుకు లాగి చూసే లాక్‌మన్ పరీక్షకు నిమిషం కూడా పట్టదు. అవసరమనిపిస్తే ఎమ్మారై రాస్తారు. అందులో మెనిస్కస్ చీలిక అని ఉండగానే ఆపరేషన్ అని కంగారు పడకండి. మీ వయసు దాటినవారిలో నొప్పే లేని మోకాళ్లలోనూ ఆ చీలికలు కనబడుతుంటాయి.

అక్కడ చెప్పేటప్పుడు ఒక మాట దగ్గర జాగ్రత్త. మనం ‘పట్టేసింది’ అని మూడింటికీ అంటాం: పొద్దున లేవగానే బిగుసుకుంటే, కండరం గుంజేస్తే, మోకాలు వంపులో ఇరుక్కుని చాపలేకపోతే. డాక్టరుకు ఇవి మూడు వేరువేరు జబ్బులు. ఇరుక్కుపోతుంటే ఎన్ని నిమిషాలు చాపలేకపోయారో, దానంతటదే వచ్చిందా చేత్తో సర్దుకోవాల్సి వచ్చిందా అన్నది చెప్పండి. చాపడానికే రాకుండా ఇరుక్కుపోతే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, పిక్క ఒకవైపే వాచి ఆయాసం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ఇక హోమియో. సీసా మీద 200 అని ఉంటే, మందు ఒక వంతు, ఆల్కహాల్ 99 వంతులు కలిపి, అందులోంచి మళ్లీ ఒక వంతు తీసి 99 వంతుల్లో కలుపుతూ 200 సార్లు చేశారని. 12 సార్లు దాటేసరికే అసలు మొక్క అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు పోతుంది. ఇది రసాయనశాస్త్రం వేసే లెక్క. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి అధ్యయనాలన్నీ పరిశీలించి, హోమియోపతి ఫలానా జబ్బుకు పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఒక్కదానికీ లేదని 2015లో తేల్చింది. ఆర్నికా జెల్ సంగతి వేరు. అందులో మొక్క సారం నిజంగానే ఉంటుంది. చేతివేళ్ల కీళ్ల అరుగుదలలో అది ఐబుప్రొఫెన్ జెల్‌కు దాదాపు సమానంగా పనిచేసింది, కొందరికి దద్దురు వస్తుంది, పుండు మీద రాయకూడదు. ఆ ఫలితాన్ని ఆర్నికా 200 గుళికల ఖాతాలో వేయడానికి లేదు.

రస్ టాక్స్ ఇవ్వడానికి హోమియోలో చూసే లక్షణం ఏమిటో తెలుసా? కదలడం మొదలుపెట్టగానే నొప్పి, నడిచేకొద్దీ సడలడం, చలికీ చెమ్మకీ ఎక్కువవడం. అరిగిన మోకాలు ఏదైనా ఇలాగే ఉంటుంది, జులై ముసురులో బెంగళూరులో మరీనూ. అంటే ఆ మోకాలికి సుఖాన్నిస్తున్నది కదలికేనని ఆ లక్షణమే చెబుతోంది. వైద్యం కూడా అటువైపే చేయాలి.

‘నొప్పి పెరిగితే మందు పట్టినట్టే’ అన్న మాటను దయచేసి పక్కన పెట్టండి. దెబ్బతిన్న కీలులో నొప్పి, వాపు పెరిగాయంటే అక్కడ బరువు ఎక్కువైంది, లేదా ఇంకేదో నలిగింది. ఈ మాట నమ్మి ఆగినవాళ్లే ఆలస్యంగా వస్తారు.

నాకు ఎక్కువ బెంగ ఆ పేరులేని పొట్లాల మీద. మొదటి రెండు నెలల సుఖం నొప్పి తనంతట తాను హెచ్చుతగ్గులవడం వల్ల కావచ్చు. బాగా ఎక్కువైనప్పుడే కదా మనం మందుకు వెళ్తాం, ఆ తర్వాత కొంత ఎలాగూ దిగుతుంది. కానీ ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు మన దేశంలో ఉన్నాయి. ముఖం గుండ్రంగా ఉబ్బిందా, ఆకలి, బరువు పెరిగాయా, చిన్న తాకిడికే చర్మం కమిలిపోతోందా, బీపీ అదుపు తప్పిందా చూసుకోండి. వీటిలో ఏదున్నా పొడిని ఒక్కసారిగా ఆపకండి. నెలల తరబడి స్టెరాయిడ్ పడిన ఒంట్లో, సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉంటుంది, హఠాత్తుగా మానేస్తే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం ప్రమాదం దాకా పోతుంది. వెంటనే ఫిజీషియన్‌కు చూపించి ఉదయం ఎనిమిదింటికి కార్టిసాల్ (ఆ గ్రంథి చేసే హార్మోను), పరగడుపున షుగరు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు) పరీక్షలు చేయించండి. మిగిలిన పొట్లాలు పారేయకండి. ఇచ్చినవారిని మందు పేరు, పొటెన్సీ (200 లాంటి అంకె) కాగితం మీద రాసిమ్మని అడగండి, అడిగే హక్కు మీకుంది. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరుతో సీలు వేసిన గుళికలైతే, వాటివల్ల మోకాలికి చెడేమీ లేదు, మంచీ ఆశించొద్దు. మీకు ఇష్టమైతే వేసుకోండి, కానీ దాన్ని వైద్యం కింద లెక్కపెట్టుకోకండి.

ఈ ఎనిమిది నెలల్లో అసలు నష్టం తొడ కండరానికి జరిగి ఉంటుంది. ఇంట్లోనే చూసుకోండి. కాళ్లు చాపి, కండరం వదులుగా పెట్టి, మోకాటి చిప్ప పై అంచు నుంచి 10 సెంటీమీటర్లు పైకి కొలిచి పెన్నుతో గీత పెట్టండి. అక్కడ టైలరు టేపుతో రెండు తొడల చుట్టుకొలత తీయండి. కుడివైపు 2 సెంటీమీటర్లు తక్కువుంటే కండరం కరిగినట్టే. మెట్లు దిగేటప్పుడు చిప్ప వెనక పడే ఒత్తిడి ఒంటి బరువుకు మూడు రెట్లు దాటుతుంది, దాన్ని కాచేది ఈ కండరమే.

పరీక్షయ్యేలోగా రెండు వ్యాయామాలు చాలు. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, దాన్ని నొక్కుతూ తొడ బిగించి 5 సెకన్లు ఉంచండి. పదిసార్లు, రోజుకు మూడు విడతలు. రెండోది, పడుకుని ఎడమ మోకాలు మడిచి, కుడికాలు తిన్నగా ఎడమ మోకాలి ఎత్తు దాకా లేపి 5 సెకన్లు ఆపి మెల్లగా దించండి. ఇదీ అంతే. లేపేటప్పుడు మోకాలు వంగితే పని తుంటికి పోతుంది, తొడకు ఏమీ రాదు. డాక్టరు సరేనన్నాక కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, 3 సెకన్లు తీసుకుని కూర్చోవడం, రోజు విడిచి రోజు 8 సార్లు మొదలుపెట్టండి. చేస్తుంటే పదికి మూడు, నాలుగు నొప్పి ఫరవాలేదు, మర్నాటి పొద్దుటికి అది పాత స్థాయికి రావాలి. రాకపోతే, వాస్తే, లెక్క సగం చేయండి. చాలామంది మొదటి రోజే ముప్ఫై చేసి మూడో రోజుకి మానేస్తారు. 12 వారాలు సాగితేనే తేడా తెలుస్తుంది.

నొప్పికి డైక్లోఫెనాక్ మాత్రలు మీరు సొంతంగా వేసుకోకండి. టెల్మిసార్టాన్‌తో కలిస్తే బీపీ పెరగొచ్చు, కిడ్నీకి దెబ్బ. మీ బీపీ మాత్రలో నీరు పోయించే మందు కూడా కలిసి ఉంటే ఇంకా ఎక్కువ. దానికన్నా డైక్లోఫెనాక్ జెల్ మేలు, రక్తంలోకి చాలా కొద్దిగానే వెళ్తుంది. కిడ్నీ జబ్బు గానీ, నొప్పి మాత్రలు పడని ఉబ్బసం గానీ ఉంటే డాక్టరును అడిగాకే రాయండి. మోకాలికి ఒక్కోసారికి 2 నుంచి 4 గ్రాములు, రోజుకు మూడు నాలుగుసార్లు. చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే అర గ్రాము వస్తుంది, అంటే కనీసం నాలుగు కణుపులు కావాలి. శనగగింజంత రాసి పనిచేయలేదంటుంటారు. రాశాక దానిమీద వేడి కాపడం పెట్టకండి, బిగించి కట్టు కట్టకండి. రెండు మూడు వారాల్లో గుణం లేకపోతే మానేయండి. బీపీ మాత్ర మాత్రం మానొద్దు.