సిల్వర్ ఈగిల్ నాణేల మీద తెల్ల మచ్చలు వస్తే నకిలీవని అనుకోవాలా? ఎంఎస్ 70 గ్రేడ్‌కి అదనంగా డబ్బు పెట్టొచ్చా?

మీరు అడిగింది ఇదీ: పాప పేరున ఏటా ఒక ట్యూబ్ (ఇరవై నాణేలు) అమెరికన్ సిల్వర్ ఈగిల్స్, అంటే అమెరికా ప్రభుత్వ టంకశాల (మింట్) చేసే ఒక ఔన్సు వెండి నాణేలు, కొంటున్నారు. పాత ట్యూబ్ ఒకటి తెరిచి చూస్తే కొన్ని నాణేల మీద పాలచుక్కలు పడి ఎండినట్టు తెల్ల మచ్చలున్నాయి. అవి నకిలీవేమోనని టెన్షన్. డీలర్‌ని అడిగితే "ఇకమీదట ఎంఎస్ 70 గ్రేడ్ చేసినవే తీసుకోండి, ఈ గొడవ ఉండదు" అన్నాడు. ఎంఎస్ 70 అంటే గ్రేడింగ్ కంపెనీలు నాణెం ఎంత బాగుందో చూసి వేసే మార్కుల్లో అన్నిటికంటే పైది. అతని మాట వినాలా వద్దా?

మచ్చలను బట్టి నకిలీవని అనుకోనక్కర్లేదు. డీలర్ సలహా మాత్రం వినొద్దనే చెబుతాను. నేను న్యూజెర్సీలో ఉంటాను, చాలా ఏళ్లుగా వెండి నాణేలు కొంటున్నాను, కొన్నిటిని గ్రేడింగ్‌కి కూడా పంపాను. పిల్లల కోసం దాచేవాళ్లకు ఆ 70 అనే అంకె అమ్మజూపడం చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నకిలీ సంగతి తేల్చుకోండి, అది ఇంట్లోనే అయిపోతుంది. ఈగిల్ బరువు ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు. వ్యాసం 40.6 మిల్లీమీటర్లు, మందం దాదాపు 3 మిల్లీమీటర్లు. గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు, వ్యాసం, మందం కొలిచే ఒక కాలిపర్ ఉంటే చాలు. మూడు కొలతలూ ఒకేసారి సరిపోవాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. వెండి పూత పూసిన రాగి బిళ్ళ అదే వ్యాసం, అదే మందంతో ఉంటే 26, 27 గ్రాములకు మించి తూగదు. బరువు కలపాలంటే మందం పెంచాలి, అప్పుడు కాలిపర్‌కి దొరికిపోతుంది. వాలుగా పెట్టిన నాణెం మీద బలమైన అయస్కాంతం మెల్లగా జారితే అది వెండే అని వీడియోల్లో చెబుతుంటారు. రాగి మీద కూడా మెల్లగానే జారుతుంది, కాబట్టి అదొక్కటే నమ్ముకోవద్దు. 2021 మధ్యలో డిజైన్ మారిన తర్వాత వచ్చిన నాణేలైతే అంచు చుట్టూ ఉండే గాట్ల వరసలో ఒకచోట ఒక గాటు లేకుండా ఖాళీ ఉంటుంది. అమెరికా మింట్ నకిలీలను పట్టుకోవడానికే అలా పెట్టింది, అదీ చూసుకోండి.

ఇక మచ్చలు. వీటిని అందరూ మిల్క్ స్పాట్స్ అంటారు. నాణేల మీద బొమ్మ పడక ముందే దీనికి బీజం పడుతుంది. రేకు నుంచి కత్తిరించిన వెండి బిళ్ళలను కొలిమిలో వేడి చేసి మెత్తబరుస్తారు, రసాయనాలతో కడిగి ఆరబెడతారు. ఆ కడిగిన ద్రవం ఏ కాస్త పైన మిగిలిపోయినా అది వెండి పైపొరను పట్టుకుని ఉండిపోతుందని, తర్వాత ఎప్పుడో తెల్లగా బయటపడుతుందని చెబుతారు. మింట్ నుంచి బయటికొచ్చిన రోజున నాణెం అద్దంలా ఉంటుంది. మచ్చ కొన్ని నెలలకు రావచ్చు, కొన్నేళ్లకు రావచ్చు. అందుకే మీరు ట్యూబ్ కొన్నప్పుడు ఏమీ కనిపించలేదు. మీరు ఎలా దాచారన్నదానితో దీనికి పెద్దగా సంబంధం లేదు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

ఇది ఈగిల్‌కి మాత్రమే ఉన్న జబ్బు కాదు. 1988 నుంచి వస్తున్న కెనడా మేపుల్ లీఫ్ 9999 స్వచ్ఛత ఉన్న వెండి. ఈ మచ్చలకు అన్నిటికంటే ఎక్కువగా పేరుపడింది కూడా అదే. ఫిర్యాదులు ఎంతగా వచ్చాయంటే, రాయల్ కెనడియన్ మింట్ 2018లో మింట్‌షీల్డ్ అనే పద్ధతి తెచ్చి, మచ్చలు తగ్గిస్తున్నామని బహిరంగంగా చెప్పుకోవాల్సి వచ్చింది. బొమ్మ పక్కన విశాలంగా నున్నటి జాగా ఉండే డిజైన్లలో మచ్చ ఇంకా ఎక్కువగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మీ నాణేల మీదున్నది మిల్క్ స్పాటేనా అని ఒకసారి సరిచూసుకోండి. ఐదు రెట్లు పెద్దగా చూపే భూతద్దం తీసుకుని, గదిలో లైట్లు ఆర్పేసి, ఒక్క టేబుల్ ల్యాంప్ కింద నాణేన్ని అంచులతో పట్టుకుని మెల్లగా తిప్పండి. మిల్క్ స్పాట్‌కి ఎత్తూ పల్లం ఉండవు, గోటికి తగలదు, వెలుతురు మారినా మెరవకుండా మొద్దుగా ఉంటుంది. గాలిలో ఉన్న గంధకం వల్ల వచ్చే రంగు అలా ఉండదు. అది చాలాసార్లు అంచు దగ్గర పసుపుగా మొదలై గోధుమ రంగులోకి, నీలంలోకి, చివరికి నలుపులోకి పోతుంది. వేలిముద్ర అయితే గీతల వరసలు స్పష్టంగా కనిపిస్తాయి.

అదే ల్యాంప్ కింద మీకు సన్నని గీతలు కూడా కనబడతాయి. కంగారు పడకముందు ఆ గీత ఉబ్బుగా ఉందా, లోపలికి దిగి ఉందా అన్నది చూడండి. ఉబ్బుగా ఉంటే అది అచ్చును మింట్‌లో పాలిష్ చేసినప్పుడు అచ్చు మీద పడిన గీత, నాణెం మీద తిరగబడి పైకి లేచింది. అది బొమ్మ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, బొమ్మ మీదికి ఎక్కదు. గ్రేడింగ్‌లో దానికి సాధారణంగా మార్కులు తగ్గించరు. లోపలికి దిగి, నున్నటి జాగా మీంచి బొమ్మ మీదికి కూడా సాగిపోయే గీత తర్వాత పడింది, ఎవరో గుడ్డతో తుడిచినట్టు లెక్క. అలాంటివి ఒకే దిక్కుగా గుంపుగా ఉంటే గ్రేడర్లు అంకె వేయరు, "క్లీన్ చేసినది" అని రాసి వెనక్కి పంపుతారు. నాణేలు ఒకదానికొకటి రాసుకుని పడే చిన్న నొక్కులు వేరు. ఈగిల్ మీద అవి ముందుగా లిబర్టీ (నాణెం మీదున్న స్వేచ్ఛాదేవత బొమ్మ) ఛాతీ దగ్గర, ముందుకు వేసిన కాలి మీద, వెనకనున్న ఖాళీ జాగాలో కనబడతాయి. బులియన్ నాణేలు, అంటే వెండి విలువ కోసం కొనే ఇలాంటి నాణేలు, యంత్రాల మీద రాశులుగా తయారై, ఇరవయ్యేసి చొప్పున ట్యూబుల్లోకి, ఐదు వందల చొప్పున పెద్ద పెట్టెల్లోకి వెళ్తాయి. ఇరవైలో కొన్నిటి మీద చిన్న చిన్న దెబ్బలు ఉండకుండా ఎలా ఉంటాయి?

ఇప్పుడు 70 సంగతి. 1 నుంచి 70 దాకా ఉన్న ఈ కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాత అమెరికన్ రాగి సెంట్ల కోసం తయారుచేశాడు. అరిగిపోయి ఆనవాలు మాత్రం మిగిలిన నాణెం ధర 1 అనుకుంటే, మచ్చలేని నాణెం దానికి 70 రెట్లు పలుకుతుందన్న ఆనాటి లెక్క మీద ఆ అంకెలు పుట్టాయి. ఆ ధరల లెక్క ఎప్పుడో పోయింది, అంకెలు మాత్రం మిగిలాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు మొదలై నాణేన్ని స్లాబ్ అనే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి అంకె వేయడం వ్యాపారంగా స్థిరపడింది. చెలామణిలోకి వెళ్లని నాణేలకు 60 నుంచి 70 దాకా వేస్తారు, ముందు ఎంఎస్ (మింట్ స్టేట్) అని చేరుస్తారు. ఎన్‌జీసీ నిర్వచనం ప్రకారం 70 అంటే, ముద్ర పడిన తర్వాత వచ్చిన లోపం ఐదు రెట్ల భూతద్దంలో కూడా కనబడకూడదు. ఈ మాట జాగ్రత్తగా చదవండి. ఇది గ్రేడర్ చూసిన ఆ రోజు నాణెం ఎలా ఉందో చెబుతుంది. రేపు ఎలా ఉంటుందో చెప్పదు.

మిల్క్ స్పాట్ స్లాబ్ లోపల కూడా వస్తుంది. బీజం వెండిలోనే ఉన్నప్పుడు ప్లాస్టిక్ ఆపలేదు. నా దగ్గరే ఒక 70 స్లాబ్ ఉంది, లేబుల్ మీద 70, దాని కింద లిబర్టీ చేతి పక్కన కందిగింజంత తెల్ల మచ్చ. కొన్నప్పుడు లేదు. ఇలా తర్వాత వచ్చే మచ్చలకు తమ హామీ వర్తించదని గ్రేడింగ్ కంపెనీలు నిబంధనల్లోనే రాసుకున్నాయి. కాయిన్ షోలో దాన్ని చూపిస్తే డీలర్లు మామూలు ఈగిల్ ధరకు పైసా ఎక్కువ ఇవ్వలేదు. అంటే ఆ మచ్చ ముందు 70కి ఇచ్చిన అదనపు డబ్బంతా పోయింది, వెండి మాత్రం మిగిలింది. మీ డీలర్ ఏ గొడవ ఉండదని చెప్పాడో, సరిగ్గా అదే గొడవ 70లో ఎక్కువ నష్టం తెస్తుంది.

పైగా ఈ కాలపు ఈగిల్స్‌లో 70 అరుదు కాదు. పెద్ద డీలర్లు పెట్టెలకు పెట్టెలే గ్రేడింగ్‌కి పంపుతారు, అందులో చాలా భాగం 69, 70గానే తిరిగొస్తాయి. 69కీ 70కీ తేడా మామూలు కంటికి ఆనదు. లేబుల్ మీద "ఫస్ట్ స్ట్రైక్", "ఎర్లీ రిలీజెస్" అని ఉంటే మొదట ముద్రించినవి అనుకోకండి. విడుదలైన మొదటి నెల రోజుల్లో గ్రేడింగ్ కంపెనీకి గానీ, వాళ్లు ఒప్పుకున్న గోదాముకి గానీ చేరినవని మాత్రమే దానర్థం. ఏది ముందు ముద్రించారో తాము లెక్క పెట్టుకోవడం లేదని అమెరికా మింటే చెప్పింది.

లోపం వల్ల విలువ పెరిగిన సందర్భాలూ ఉన్నాయి, అవి వేరే కోవ. 2008లో వెస్ట్ పాయింట్ టంకశాలలో కలెక్టర్ల కోసం చేసిన, డబ్ల్యూ గుర్తున్న ఈగిల్స్‌లో కొన్నిటికి వెనక వైపు 2007 నాటి అచ్చు పడింది. "యునైటెడ్" అన్న ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరం కుడి కాలికి కింద చిన్న కొస లేకపోతే అది పాత అచ్చు. అలాంటి నాణేనికి గ్రేడింగ్ చేయించడం సబబే, ఎందుకంటే అక్కడ స్లాబ్ ఆ రకం అసలైనదని ధ్రువీకరిస్తుంది. అలాగే కలెక్టర్ల కోసం ప్రత్యేకంగా మెరిసేలా చేసి మింట్ నేరుగా పెట్టెలో పెట్టి అమ్మే ప్రూఫ్ నాణెం మీద మొదటి రోజే మచ్చ ఉంటే వాపసు పంపండి, మీరు అక్కడ డబ్బిచ్చిందే దాని అందానికి. బులియన్‌లో మీరు డబ్బిచ్చింది 31.1 గ్రాముల వెండికి.

కాబట్టి మీ పాత ట్యూబ్‌ని వాపసు తీసుకోమని అడిగి లాభం లేదు. తర్వాత వచ్చే మచ్చలకు ఏ డీలరూ బాధ్యత తీసుకోడు. అమ్మే రోజున కొందరు మచ్చలున్న వాటికి ప్రీమియం (వెండి ధర మీద అదనంగా ఇచ్చేది) కొంచెం తగ్గిస్తారు, స్పాట్ ధర (ఆ రోజు మార్కెట్‌లో వెండి ధర) ప్రకారం వచ్చేదానికి ఢోకా లేదు. ఇద్దరు ముగ్గుర్ని అడిగి ఇవ్వండి. ఇండియాకి తీసుకెళ్లే ఆలోచన ఉంటే స్లాబ్ మాట మర్చిపోండి. గుంటూరులో మాకు తెలిసిన వెండి షాపాయనకు ఒక స్లాబ్ చూపిస్తే, ప్లాస్టిక్ తీసేసి తూకం వేస్తేనే రేటు చెబుతానన్నారు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, దయచేసి తోమొద్దు. మన ఇళ్లలో వెండి కుందులకు విభూతి, చింతపండు, టూత్‌పేస్ట్ పెట్టి తోమడం అలవాటు కదా, ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు ప్రేమగా ఆ పని చేసేస్తారు. కుందులకు ఏమీ కాదు. నాణెం మీద మాత్రం ఆ పొడి వేల గీతలు గీస్తుంది, పుట్టుకతో వచ్చిన మెరుపు ఒక్కసారి పోతే తిరిగి రాదు. వెండి నలుపు తీసే డిప్ ద్రవాలు కూడా మిల్క్ స్పాట్‌ని సరిగా తీయలేవు. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే మచ్చ పోతుందని కొందరు చెబుతారు, మచ్చతో పాటు మెరుపూ పోతుంది.

వచ్చే ఏడాది కూడా మామూలు ట్యూబే కొనండి. వచ్చిన రోజే తెరిచి బరువు, కొలతలు చూసి, వాపసు గడువు లోపలే ఫోటోలు తీసుకోండి. చేతులకు చెమట తగలకుండా నూలు తొడుగులు వేసుకుని మళ్లీ ట్యూబ్‌లోనే పెట్టేయండి. మెత్తటి పీవీసీ కవర్లలో, రబ్బరు బ్యాండ్లు చుట్టి మాత్రం పెట్టకండి. 70కి పోసే డబ్బు మిగిలితే దాంతో పాపకి ఇంకో రెండు మూడు ఈగిల్స్ ఎక్కువే వస్తాయి.