ప్రచ్ఛన్నం, విచ్ఛిన్నం

సందేహం: 'సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది' అని చదివాను. ఈ రెండు మాటలకూ ధాతువు ఒకటేనా? ఇప్పుడు అమెరికా, రష్యాల మధ్య 'కొత్త ప్రచ్ఛన్న యుద్ధం' అంటున్నారు. ఆ వాడుక సరైనదేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: కాదమ్మా. అక్కచెల్లెళ్లలా కనబడతాయి గానీ ఇంటిపేర్లు వేరు. మొదటిది 'ఛద్', అంటే కప్పడం. దానికే గుడి ఇస్తే 'ఛిద్', అంటే కోయడం. ఛత్రం, ఆచ్ఛాదనం, ఛద్మవేషం ఛద్ సంతానం. ఛేదనం, ఛిద్రం ఛిద్ సంతానం. గొడుగు ఒకరిది, గొడుక్కి పడ్డ చిల్లు ఇంకొకరిది! 1991 డిసెంబరులో ఆ దేశం పదిహేను ముక్కలైంది కనుక విచ్ఛిన్నమే నాకిష్టం. పతనం అన్నా తప్పు లేదు.

రెండింటిలోనూ చకారం కింద ఛ వత్తు ఉంది. 'ప్రచ్చన్న', 'విచ్చిన్న' అని అచ్చేసేవాళ్లకు అది ఏం అపకారం చేసిందో మరి! ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా అంటారా? 2009 మార్చిలో జెనీవాలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్, సంబంధాలను 'రీసెట్' చేద్దామంటూ రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్‌కి ఒక మీట బహూకరించారు. దాని మీద 'పెరెజగ్రూజ్క' అని ఉండాలి. 'పెరెగ్రూజ్క' అని రాశారు. 'జ' జారిపోయి రీసెట్ కాస్తా ఓవర్‌లోడ్ అయింది. తప్పని లావ్రోవ్ అక్కడికక్కడే చెప్పారు.

ఇక కోల్డ్ వార్. మక్కికి మక్కి అయితే శీతల యుద్ధం. ప్రచ్ఛన్నమంటే తిక్కన విరాటపర్వం చూడాలి: గాండీవాన్ని జమ్మిచెట్టు మీద దాచి బృహన్నలగా ఆట నేర్పిన అర్జునుడిది ప్రచ్ఛన్నం. మాస్కో రెడ్ స్క్వేర్‌లో క్షిపణులను ఊరేగించినవాళ్లది ఎలా అవుతుంది? గూఢచారుల సంగతి వేరనుకోండి.

నన్నడిగితే ఆ మాట సరిగ్గా అతికేది ఆ తర్వాతి రోజులకే. 1992 ఫిబ్రవరిలో క్యాంప్ డేవిడ్‌లో అమెరికా, రష్యా అధ్యక్షులు బుష్, యెల్త్సిన్ ఇకపై ఒకరినొకరు శత్రువులుగా చూసుకోబోమని ప్రకటించారు. 1999లో పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్ అమెరికా సైనిక కూటమి నాటోలో చేరాయి. 2004లో ఒకప్పటి సోవియట్ రిపబ్లిక్కులే మూడు, బాల్టిక్ తీరానివి, అటు వెళ్లాయి. పైకి కరచాలనాలు, కింద అనుమానం. కప్పి ఉంచిందంటే అదీ! 2014లో క్రిమియాను రష్యా కలిపేసుకున్నాక ఆ కప్పు కూడా లేచిపోయింది.

కాబట్టి ఇప్పటి పోరుకు 'ప్రచ్ఛన్న' అని రాయడానికి నాకు కలం ఆడదు. వాడుకలో పడిపోయిన మాట గనుక మీరు రాస్తే కొట్టెయ్యను. ఛ వత్తు మాత్రం మింగకండి.