కోడలికి ఉత్తరం రాసేముందు

చిరంజీవికి, బాబాయి ఆశీస్సులు.

యుద్ధరంగం నుంచి నీ భార్యకు, అంటే మా కోడలికి, ఉత్తరం రాయబోతే "నేను క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను" అన్న దగ్గరే కలం ఆగిపోతోందన్నావు. అక్కడ అందరికీ ఆగుతుంది నాయనా. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం అలాంటి వాక్యాలను అచ్చువేసి కార్డులుగా పంచింది. బాగున్నాను, ఆసుపత్రిలో చేరాను, నీ ఉత్తరం అందింది... పనికిరానివి కొట్టేసి సంతకం, తేదీ వేయడమే సిపాయి పని. అంతకుమించి ఒక్క మాట రాసినా కార్డు చించేస్తామని దానిమీదే ఉండేది. అది చేరితే మనిషి బతికున్నాడని తెలిసేది. ఆ రోజుల్లో అదే కొండంత ధైర్యం. కానీ నీకు తెల్లకాగితం దొరుకుతోంది కదా, దాన్ని కార్డు చేయకు.

నీ ఉత్తరాన్ని మూడో మనిషి, అంటే సైన్యంలో ఉత్తరాలు తనిఖీ చేసే సెన్సారు అధికారి, కూడా చదువుతాడని గుర్తుంచుకో. ఉన్న చోటు, దళం, ఎందరున్నారు, ఎటు కదులుతున్నారు, ఇవేవీ రాయకు. గుట్టుగా చెప్పే ప్రయత్నమూ వద్దు. అదే మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పోరాడిన మన సిపాయిలు భారతీయ సైనికులను నల్ల మిరియాలనీ, తెల్లవాళ్లను ఎర్ర మిరపకాయలనీ రాస్తే, సెన్సారు అధికారులు ఇట్టే పసిగట్టారు. పైగా ఆ సిపాయిల్లో చాలామందికి చదువు రాదు. ఇక్కడొకరు రాసిపెట్టాలి, అక్కడ ఇంకొకరు చదివి వినిపించాలి. భార్యతో చెప్పుకునే మాట ఇన్ని చెవులు దాటి వెళ్లాలంటే ఎంత కష్టమో ఆలోచించు.

ముందు కోడలి ఉత్తరం దగ్గర పెట్టుకుని, ఆమె అడిగినవాటికి జవాబివ్వు. తర్వాత నీ రోజులోంచి ఒక్క చిన్న సంగతి రాయి. గుర్తొస్తున్నావని రాస్తే చాలదు, ఏ పని చేస్తుంటే గుర్తొచ్చిందో రాయి. చొక్కా గుండీ కుట్టుకుంటూ మూడుసార్లు వేలికి గుచ్చుకున్నానని ఒకసారి రాశాను. మీ పిన్ని ఈనాటికీ ఆ ఉత్తరం దాచుకుంది.

పక్కవాడు ఎలా పోయాడో వివరంగా రాయకు. అలాగని అంతా బాగుందనీ రాయకు. ఆ తప్పు నేను చేశాను. నెలల తరబడి "ఏ ఇబ్బందీ లేదు" అనే రాశాను. మీ పిన్ని పేపర్లో వార్తలు చదువుతూనే ఉంది. చివరికి నా మాటలు నమ్మడం మానేసి, చేతిరాత ఎంత వంకరపోయిందో చూసి నా పరిస్థితి ఊహించుకునేదట. "రెండు రాత్రులు నిద్రలేదు, ఇవాళ కాస్త నయం" అని రాసుంటే ఆమెకు అంత బాధ తప్పేది.

ప్రతి ఉత్తరానికీ నంబరు వేయి. యుద్ధంలో టపా వరుసగా చేరదు. ఎప్పుడో రాసిన విసుగు మాట ఆలస్యంగా అందితే, నిన్న రాసిందనుకుంటుంది. డబ్బు, కాగితాల సంగతులు విడిగా ఒక ఉత్తరంలో పెట్టు.

అమెరికా అంతర్యుద్ధంలో సలివన్ బాలూ అనే మేజర్ 1861 జూలై 14న భార్య సారాకు ఉత్తరం రాశాడు. తన తప్పులు, తెలివితక్కువగా ఆమెను బాధపెట్టిన సందర్భాలు తలచుకుని క్షమించమన్నాడు. అది పోస్టు చేయలేదు. వారానికే బుల్‌రన్ యుద్ధంలో గాయపడి కొద్దిరోజుల్లో చనిపోయాడు. ఉత్తరం ఆయన సామానులో దొరికింది. సారా దానికి జవాబు రాయలేకపోయింది.

బయల్దేరిన రోజు పొద్దున కోడలిని కసిరానని చెప్పి బాధపడ్డావు కదా. ఈసారి ఉత్తరం ఆ మాటతోనే మొదలుపెట్టి, ఇవాళే పోస్టులో వెయ్యి.

మీ బాబాయి