టెక్ సందేహాలు: విమానాల కబురు మన డాబా మీదికి

ప్రశ్న: ఫోనులో యాప్ తెరిస్తే మా ఇంటి మీదుగా పోయే విమానం నంబరు, ఎత్తు కనిపిస్తున్నాయి. ఇంటర్నెట్ లేకుండా ఆ సంకేతాన్ని నేరుగా నేనే అందుకోవచ్చా? ఎంత దూరం వరకు అందుతుంది?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: అందుకోవచ్చు. అలాంటి యాప్‌లకు సమాచారం ఇచ్చేవాటిలో ఔత్సాహికుల ఇళ్ల మీది యాంటెన్నాలే ఎక్కువ. విమానం తన స్థానాన్ని జీపీఎస్‌తో తెలుసుకుని, ఎవరూ అడగకుండానే సెకనుకు సుమారు రెండుసార్లు 1090 మెగాహెర్ట్జ్ మీద చాటి చెబుతుంది. ఈ పద్ధతి పేరు ఏడీఎస్-బీ. ఒక్కో సందేశంలో ఉండేది 112 బిట్లు. అది 120 మైక్రోసెకన్లలో ముగిసిపోతుంది. దానికి తాళం ఏదీ లేదు, ఎవరికి వినబడితే వారిదే.

కావలసింది కంప్యూటర్ యూఎస్‌బీలో గుచ్చే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చిన్న డాంగిల్. కంప్యూటర్‌లో టీవీ చూడటానికి తయారైన ఈ పరికరం రేడియో తరంగాలను ముడిరూపంలోనే అందించగలదని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు లోకానికి చాటారు. రెడిస్ డేటాబేస్ సృష్టికర్త సాల్వతోరె శాన్‌ఫిలిప్పో దీనికోసం, ఆ తరంగాల్లోంచి విమానాల సందేశాలను విడదీసి చూపే డంప్1090 అనే ఉచిత ప్రోగ్రాం రాశారు. ఇప్పుడు వాడుకలో ఉన్న చాలా ప్రోగ్రాములు దాని నుంచి పుట్టినవే. లైనక్స్‌లో ఒక చిక్కు ఉంది. డాంగిల్‌ను పెట్టగానే సిస్టమ్ దాన్ని టీవీ ట్యూనర్‌గా భావించి తన చేతిలోకి తీసుకుంటుంది, ప్రోగ్రాం తెరుచుకోదు. ఆ టీవీ డ్రైవర్‌ను నిలిపివేస్తే సరిపోతుంది. డాంగిల్ చెడిపోయిందనుకుని పక్కన పడేయకండి.

యాంటెన్నాను మాత్రం కొనకండి, చేసుకోండి. ఈ తరంగం పొడవు 27.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 6.9. గట్టి రాగి తీగను ఆ కొలతకు ఐదు ముక్కలుగా కత్తిరించండి. ఒకటి యాంటెన్నా కేబుల్ తగిలించే కనెక్టర్ నడుమ నిటారుగా, మిగిలిన నాలుగు దాని అంచున కిందికి వాలేలా సోల్డరింగ్ చేయండి. కనెక్టర్ లోపలికి దిగే భాగాన్ని కొలతలో కలపకండి, బయటికి కనిపించే పొడవే లెక్క. మా డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ఇలాంటిదే ఉంది. వేలెడు తీగ వందల కిలోమీటర్ల అవతలి విమానం మాట వినిపించడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

తెర మీద ప్రతి విమానానికీ ఆరు అక్షరాల కోడ్ కనిపిస్తుంది. అది 80 నుంచి 83 వరకు ఉన్న అంకెలతో మొదలైతే భారత్‌లో నమోదైన విమానం. కొన్ని విమానాలు ముందు జాబితాలోకి వచ్చి, కాసేపటికి గానీ మ్యాపు మీద కనిపించవు. అది లోపం కాదు. బిట్లు పొదుపు చేయడానికి విమానం తన చోటును సరి, బేసి అనే రెండు రకాల సందేశాల్లో మార్చి మార్చి పంపుతుంది. ఒక్క సందేశాన్నే చూస్తే అది భూమి మీద ఎన్నో చోట్లకు సరిపోతుంది. రెండూ చేతికి వచ్చాకే అసలు చోటు తేలుతుంది.

ఇక దూరం. మీటర్లలో విమానం ఎత్తుకు వర్గమూలం కట్టి 4.12తో గుణిస్తే, భూమి వంపు అడ్డురాక మునుపు సంకేతం అందే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 11,000 మీటర్ల ఎత్తున పోయే విమానానికి అది 430 దాటుతుంది. శంషాబాద్‌లో దిగే విమానం మాత్రం సుమారు 10, 12 వేల అడుగుల కిందికి రాగానే మీకు భూమి వంపు చాటున మాయమవుతుంది. ఎంత ఖరీదైన పరికరం కొన్నా ఆ వంపును దాటలేరు.

ఒక్క మాట. మన దేశంలో రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడానికి అనుమతి కావాలన్న నియమం 1933 చట్టం నుంచి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దాకా కొనసాగుతోంది. కొనే ముందే కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ లైసెన్సుల విభాగాన్ని అడగండి. వీలైతే ఔత్సాహికుల కోసం పెట్టే హామ్ రేడియో పరీక్ష కూడా రాయండి. ఆ శిక్షణ ఇచ్చే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది.

ప్రశ్న: అపార్టుమెంటు కిటికీలో యాంటెన్నా పెట్టాను. 30 కిలోమీటర్లు దాటడం లేదు. యాంప్లిఫయర్ కొన్నాక అదీ తగ్గింది.
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: మీ దగ్గరలో సెల్ టవర్ ఉండి ఉంటుంది. 900 బ్యాండ్ టవర్లు 935 నుంచి 960 మెగాహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తాయి. యాంప్లిఫయర్ ఆ హోరునూ పెంచేసింది, డాంగిల్‌కు చెవులు దిమ్మెక్కాయి. 1090ని మాత్రమే లోపలికి వదిలే ఫిల్టర్‌ను యాంప్లిఫయర్‌కు ముందు పెట్టి, ప్రోగ్రాంలో గెయిన్‌ను, అంటే సంకేతాన్ని పెంచే మోతాదును, మెట్టు మెట్టుగా తగ్గించి చూడండి. అంతకన్నా ముందు యాంటెన్నాను డాబా మీదికి చేర్చండి. కిటికీలో ఉన్నంతకాలం మీకు సగం ఆకాశమే దక్కుతుంది.

ప్రశ్న: మా విమానాశ్రయం సముద్రమట్టానికి దగ్గరే. వానాకాలంలో రన్‌వేను తాకబోయే విమానం కూడా 350 అడుగుల ఎత్తులో ఉన్నట్టు చూపిస్తోంది. నా రిసీవర్ తప్పా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: మీ రిసీవర్ సరిగానే ఉంది మాస్టారూ. సాధారణంగా ఆ సందేశంలో వచ్చేది గాలి పీడనాన్ని బట్టి కట్టిన ఎత్తు. అన్ని విమానాలూ ఒకే కొలబద్ద వాడాలని, సముద్రమట్టం దగ్గర పీడనం 1013.25 హెక్టోపాస్కల్స్ అనుకుని లెక్కిస్తాయి. అల్పపీడనం రోజున మీ దగ్గర అసలు పీడనం 1000 ఉంటే, ఒక్కో హెక్టోపాస్కల్‌కు 27, 28 అడుగుల చొప్పున దాదాపు 360 అడుగులు ఎక్కువగా కనిపిస్తాయి. ఆ రోజు వాతావరణ శాఖ చెప్పిన పీడనాన్ని పక్కన రాసుకుని లెక్క కట్టండి. తేడా ఇంచుమించు సరిపోతుంది.