బెజవాడ, గుంటూరుల్లో కట్టుబాట్లు పెరిగాయా, తగ్గాయా?

బట్టలు, మాటలు, విడాకుల విషయంలో బాగా వదులయ్యాయి. పరస్పర అంగీకారంతో విడాకులు హిందూ వివాహ చట్టంలోకి 1976లోనే వచ్చినా, పెళ్లి ప్రకటనల్లో 'డైవోర్సీ' అని మొహమాటం లేకుండా రాయడం ఈమధ్య అలవాటు. అదే ప్రకటనలో శాఖ, గోత్రం మాత్రం తప్పవు. అసలు సంగతి అక్కడే ఉంది.

చింతామణి నాటకం చూడండి. కాళ్లకూరి నారాయణరావు రాసింది వేశ్యావ్యామోహం మానమని చెప్పడానికి. ఊళ్లలో ఆడీ ఆడీ వైశ్య పాత్ర సుబ్బిశెట్టి సీన్లలో నటులు సొంత డైలాగులు దట్టించేశారు, జనం తెల్లవార్లూ కూర్చున్నది వాటి కోసమే. పెద్దలు 'బూతు' అని గొణుక్కునేవాళ్లు, అయినా ఆడనిచ్చారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆర్యవైశ్య సంఘాల అభ్యంతరం ప్రధానంగా తమ కులాన్ని కించపరుస్తోందని. అంతకంటే పచ్చివి అందరి ఫోన్లలో తిరుగుతున్న రోజుల్లో! బూతుకు రోషం తగ్గింది, కులం పేరెత్తితే పెరిగింది.

పెళ్లిలోనూ అంతే. సంస్కృత మంత్రాల బదులు తెలుగులో వివాహవిధి రాసిన త్రిపురనేని రామస్వామి మన తెనాలిలోనే ఉండేవారు. పటమటలో గోరా నాస్తిక కేంద్రం 1947 నుంచీ ఉంది. అయినా ఇవాళ్టికీ కులాంతరం అనగానే జంటలు బెదిరి, అవసరం లేకపోయినా ప్రత్యేక వివాహ చట్టం దారి పడతారు. ఇద్దరూ హిందువులైతే 1955 హిందూ వివాహ చట్టం చాలు: గుళ్లో పెళ్లి, తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు. ముందస్తు నోటీసు ఉండదు.

మతం మారకుండా చేసుకునే మతాంతర పెళ్లికైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న చోటి మ్యారేజ్ ఆఫీసరుకు నోటీసు ఇవ్వాలి. దాన్ని బోర్డుకు అంటిస్తారు, అభ్యంతరాలకు 30 రోజులు. దెబ్బ తినేది ఇక్కడే: ఎవరిదైనా శాశ్వత నివాసం వేరే పరిధిలో ఉంటే నకలు అక్కడికీ వెళ్లి అక్కడి బోర్డెక్కుతుంది. ఈ చట్టంలో 'జిల్లా' అంటే ఆ ఆఫీసరు పరిధి, కలెక్టరు జిల్లా కాదు. కాబట్టి గుంటూరులో ఇస్తే ఊరికి తెలియదులే అనుకోవద్దు.

అభ్యంతరం చెల్లేది నాలుగింటికే: బతికున్న భార్య లేదా భర్త, వయసు (అబ్బాయికి 21, అమ్మాయికి 18), నిషిద్ధ బంధుత్వం, మానసిక స్థితి. కులం, నాన్నగారి కోపం ఆ జాబితాలో లేవు. పెళ్లి రోజు ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు ఇచ్చిన 3 నెలల్లో పెళ్లి జరక్కపోతే మళ్లీ మొదటి నుంచి నోటీసు.

ఇక పెళ్లికాని జంటకు బస్టాండు దగ్గర లాడ్జీలో 'లోకల్ ఐడీ (అదే ఊరి చిరునామా ఉన్న కార్డు) కుదరదు' అంటే అది లాడ్జీ వాళ్లు పెట్టుకున్న రూలు. మేజర్లైన ఇద్దరు పెళ్లి కాకుండా ఒక గది తీసుకోకూడదనే చట్టం లేదు.