కర్టెన్ ఊగకూడదనేగా మెరీనా?

ప్రశ్న: నా వయసు 53. పుట్టిల్లు కాకినాడ. పాతికేళ్లుగా శాన్‌డియాగోలో ఉంటున్నాం. మావారు ఉద్యోగం మానేసి 38 అడుగుల సెయిల్‌బోట్ కొన్నారు. ఇల్లు అద్దెకిచ్చి నవంబరులో బయలుదేరి మెక్సికోలోని లాపాజ్ చేరాం. వారం ఉందామనుకున్నాం, మూడు నెలలు కావస్తోంది. మెరీనా (పడవలు తాళ్లతో కట్టి ఉంచే రేవు) అద్దె దండగ, బయట లంగరు వేసుకుందామని ఆయన అంటారు. నేను మెరీనా వదలనంటున్నాను. మార్చిలో పసిఫిక్ మీదుగా మార్కెసాస్ దీవులకు వెళ్లాలని ఆయన పట్టు. మూడు వారాలకు పైగా నీళ్లే. రోజూ గొడవే. మా అమ్మకు 81. తమ్ముడి దగ్గర ఉంటుంది. తట్టుకోలేదని పడవ సంగతి చెప్పలేదు. వీడియో కాల్‌లో వెనక కర్టెన్ కట్టి ఇంట్లో ఉన్నట్టే మాట్లాడుతున్నాను. నేను ఆయనతో వెళ్లాలా, శాన్‌డియాగో తిరిగి వెళ్లిపోవాలా?

జవాబు: అమ్మా, పసిఫిక్ దాటాలా వద్దా అని నన్ను అడిగి లాభం లేదు. గోదావరి మీద లాంచీ ఎక్కితేనే కళ్లు తిరిగే మనిషిని. లాపాజ్‌లో పొద్దున ఎనిమిదికి పడవలవాళ్లంతా రేడియోలో 22వ ఛానల్‌కి వస్తారు కదా, అక్కడ అడగండి. నాకంటే వాళ్లే బాగా చెబుతారు.

మీవారి మీద రాసిన రెండు పేజీలూ చదివాను. మొండివాడే కావచ్చు. కానీ ఆయన్ని కాసేపు పక్కన పెడదాం. నన్ను ఆపేసింది ఆ కర్టెన్.

ఆ ఊళ్లో లంగరేసిన పడవ కుదురుగా ఉండదని మీకు తెలుసు. ఆటుపోట్ల నీరు ఒకవైపు లాగుతుంది, గాలి ఇంకోవైపు నెడుతుంది. పక్కపక్క పడవలే తలో దిక్కుకీ తిరుగుతాయి. దానికి అక్కడివాళ్లు, జంటగా గిరగిరా తిరిగే వాల్ట్జ్ నాట్యం పేరుతో, 'లాపాజ్ వాల్ట్జ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. అక్కడ కర్టెన్ కడితే ఊగుతుంది, మెరీనాలో తాళ్లకు కట్టిన పడవలో ఊగదు. అందుకే కదూ మెరీనా? సముద్రం మధ్యలో కూడా పనిచేసేలా శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టిస్తానని ఆయనంటే ఖర్చని వద్దన్నారట. నెలనెలా మెరీనా అద్దె కడుతున్నవారికి ఆ ఖర్చు ఒక్కటే కనబడిందా?

శాన్‌డియాగోకీ లాపాజ్‌కీ ఇప్పుడు గంట తేడా. మీ గడియారంలో ఎనిమిదైతే అమ్మకు ఏడు అని చెబుతున్నారట. అది చదివి మీ మీద జాలేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది.

అమ్మ తట్టుకోలేదని ఎవరు చెప్పారు? ఆవిడ కాకినాడ మనిషి. 1996 నవంబరు తుఫాను చూశారు. వేటకెళ్లిన జాలర్లు వందలమంది తిరిగి రాని రోజులవి. ఆవిడ భయపడతారు, నిజమే. భయపడనివ్వండి, కన్నతల్లిగా ఆ హక్కు ఆవిడది. కూతురు ఎక్కడుందో తెలియకుండా ఆవిడ రోజూ దేవుడికి ఏమని దణ్ణం పెట్టుకోవాలి? పెద్దవాళ్లకు చెప్పకుండా దాచడం మన ఇళ్లలో పెద్ద ప్రేమ కింద చెలామణీ అవుతోంది. నాకది మొదటినుంచీ గిట్టదు. ఎనభై ఏళ్లు బతికిన మనిషిని చంటిపిల్లను చేసి కూర్చోబెట్టడం అది.

అసలు సంగతి మీరు రాయలేదు, నేనే అంటాను. తమ్ముడూ మరదలూ అమ్మను చూసుకుంటుంటే మీరు షికారు తిరుగుతున్నారనే మాట మీకు లోపల గుచ్చుకుంటోంది. ఇంట్లో ఉన్నట్టు నటిస్తే కాస్త తగ్గుతోంది. శాన్‌డియాగోలో ఉన్నప్పుడు మాత్రం అమ్మకు పక్కవీధిలో ఉన్నారా? అప్పుడైనా ఇప్పుడైనా ఆవిడ దగ్గరికి రావాలంటే విమానమే ఎక్కాలి. ఈ బాకీ పాతికేళ్లది. పడవ మీదకి, మీవారి మీదకి నెట్టకండి.

మొన్న ఆవిడ "ఇంత నల్లబడ్డావేంటే? ఆ రేడియోలో ఎవరో పడవల పేర్లు పిలుస్తున్నారేంటి?" అని అడిగితే టీవీ అని చెప్పారట. ఆవిడ మళ్లీ అడగలేదట. నాకైతే ఆవిడకు సగం తెలుసనిపిస్తోంది. మిగతా సగం మీ నోటితో వినాలని కాచుకుని కూర్చున్నారు.

ముందు తమ్ముడికి ఫోన్ చేయండి. మర్నాడు మరదలు పక్కన ఉండగా అమ్మకు. మీకు సాయంత్రం ఆరు అంటే కాకినాడలో పొద్దున ఆరున్నర, కాఫీ వేళ. వెలుగుండగానే పడవ పైకెక్కి సముద్రం ఒడ్డున మాలెకాన్ అనే నడకబాట చూపించండి. తర్వాత పొయ్యి చూపించండి, ఏం వండుకుంటున్నారో తెలిస్తే ఆవిడకు సగం టెన్షన్ తగ్గుతుంది. తిడితే పడండి. మీవారినీ పక్కన కూర్చోబెట్టండి. మూడు నెలలుగా కెమెరాకు కనబడకుండా వంగి నడిచిన అల్లుడు ఆయన, అత్తగారికి ఆయనా సమాధానం చెప్పుకోవాలి.

"ఒక్కసారి వచ్చి వెళ్లవే" అని ఆవిడంటే టికెట్ కొనండి. పడవను ఆయన చూసుకుంటారు. ఏప్రిల్‌లో కూడా ఆ దీవులకు పడవలు బయలుదేరుతాయి. "సరే వెళ్లండి, ఎక్కడున్నారో రోజూ చెప్పండి" అంటే ఆ ఇంటర్నెట్‌కి డబ్బు కట్టండి. మెరీనాయా, లంగరా అన్న తగువు మాత్రం ఈ ఫోన్ అయ్యేదాకా ఎత్తకండి. ఆ తర్వాత మీకే అంత పట్టుదల ఉండకపోవచ్చు.