న్యూజెర్సీ పెరట్లో పంప్‌కిన్ పై కోసం ఏ గుమ్మడి వేయాలి?

హాలోవీన్‌కి కొన్న పెద్ద గుమ్మడికాయతో పంప్‌కిన్ పై (గుమ్మడి గుజ్జుతో ఓవెన్‌లో చేసే తీపి వంటకం) చేస్తే నీళ్లనీళ్లగా వచ్చిందని, ఈసారి న్యూజెర్సీలో మీ పెరట్లోనే వేసుకోవడానికి ఏ రకం మంచిదని అడిగారు. నీళ్లగా రావడం మామూలే. ఆ కాయల్ని అలంకరణకి బొమ్మలు చెక్కడానికి పెంచుతారు కాబట్టి కండలో నీరు, పీచు ఎక్కువ, తీపి తక్కువ. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించింది మీరు చివర్లో చెప్పిన మాట: పోయిన ఏడాది మీ పెరట్లో గుమ్మడి కుటుంబానికే చెందిన జుకినీ పాదు జూలైలో ఉన్నట్టుండి వాడిపోయిందని. నీళ్లు పోసినా తేరుకోలేదంటే చాలావరకు అది కాండం తొలిచే పురుగు, స్క్వాష్ వైన్ బోరర్. కాబట్టి ఏ రకం రుచి అని కాదు, మీ పెరట్లో ఏది బతుకుతుంది అని మొదలుపెట్టండి.

పంప్‌కిన్ పై కోసం పాతకాలపు రకాల్లో ఎక్కువగా వినిపించేవి మూడు. స్మాల్ షుగర్, దీన్నే న్యూ ఇంగ్లండ్ పై అని కూడా అంటారు. 1893లో ఫిలడెల్ఫియా విత్తనాల కంపెనీ ఒకటి తెచ్చిన వింటర్ లగ్జరీ. మూడోది లాంగ్ ఐలండ్ చీజ్. మొదటి రెండూ జుకినీ జాతివే, కుకుర్బిటా పెపో. వాటి కాడ లోపల గుల్లగా ఉంటుంది, పురుగుకి అంతకంటే ఏం కావాలి? లాంగ్ ఐలండ్ చీజ్ మాత్రం కుకుర్బిటా మోస్కాటా, మన ఊళ్లలో పండే మంచి గుమ్మడి జాతే. దీని కాడ గట్టిగా, నిండుగా ఉంటుంది కాబట్టి పురుగు లోపలికి వెళ్లడం కష్టం. పై కోసం దుకాణాల్లో అమ్మే లిబ్బీస్ గుమ్మడి గుజ్జు డబ్బాలోని డికిన్సన్ రకం కూడా మోస్కాటాయే.

మొదటి ఏడాది లాంగ్ ఐలండ్ చీజ్ వేయండి, అదే నా సలహా. గుజ్జు నునుపులో వింటర్ లగ్జరీదే పైచేయి, ఒప్పుకుంటాను. కానీ దాన్ని కాపాడుకోవడం ఒక ఉద్యోగం. వేయాలనే ఉంటే, మొలక వచ్చిన దగ్గర్నుంచి ఆడపువ్వులు పూసేదాకా పల్చటి రో కవర్ (పురుగులు రాకుండా మొక్కల మీద పరిచే బట్ట) కప్పి ఉంచండి, అంచుల మీద మట్టి వేయండి. పోయిన ఏడాది గుమ్మడి, జుకినీ ఉన్న చోట మాత్రం వద్దు, పురుగు అక్కడి మట్టిలోనే చలికాలం గడిపి ఆ కవరు లోపలే బయటికొస్తుంది. జూన్ రెండో సగం నుంచి జూలైలో పగటిపూట కందిరీగలా ఎగురుతూ, నారింజరంగు పొట్ట మీద నల్లచుక్కలతో కనిపించేది దాని తల్లి చిమ్మటే. కాడ మొదట్లో గోధుమరంగు గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది, వేలితో గీకేయొచ్చు. కాడకి చిన్న రంధ్రం, దాని కింద తడిసిన రంపపు పొట్టులాంటిది కనిపిస్తే పురుగు లోపలికి వెళ్లినట్టే. కాడని నిలువుగా కొద్దిగా చీల్చి తెల్లటి పురుగుని తీసేసి, ఆ చోట తడిమట్టి కప్పండి. తీగ కణుపుల మీద ముందే అక్కడక్కడా మట్టి వేసి వేళ్లు పట్టనిస్తే, మొదలు పోయినా పాదు బతికే అవకాశం ఉంటుంది.

ఆలస్యంగా వేసి పురుగుని తప్పించుకోవడం జుకినీకి కుదురుతుంది గానీ గుమ్మడికి కుదరదు. వీటికి వంద రోజులు దాటుతుంది, అక్టోబర్‌లో మంచు పడుతుంది. మే మూడో వారం తర్వాత, మట్టి వెచ్చబడ్డాక గింజలు నేరుగా నేలలో నాటండి. కంపోస్టు బాగా వేయండి, గడ్డికి వేసే నత్రజని ఎరువు దగ్గరికి రానివ్వకండి. తీగ పది పన్నెండు అడుగులు పాకుతుంది, కంచె వైపు మళ్లిస్తే సరి.

మొదట మగపువ్వులే పూసి రాలిపోతాయి, టెన్షన్ పడకండి. మనం గొబ్బెమ్మల మీద పెట్టే పువ్వే, ఇక్కడ మాత్రం జూలైలో పూస్తుంది. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. తేనెటీగలు తక్కువైతే, పొద్దున్నే పువ్వులు ముడుచుకోకముందే మగపువ్వు రేకులు తుంచి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో రాయండి.

లాంగ్ ఐలండ్ చీజ్ కాయ పచ్చదనం పోయి లేత గోధుమరంగు తిరిగి, గోరు దిగకపోతే ముదిరినట్టు. మంచు పడకముందే నాలుగు వేళ్లంత తొడిమతో కోయండి, తొడిమ పట్టుకుని మాత్రం ఎత్తకండి. పది రోజులు వెచ్చటి చోట ఆరబెట్టి బేస్‌మెంట్‌లో పెడితే నెలల తరబడి ఉంటుంది, కొన్ని వారాలు ఆగితే తీపి కూడా పెరుగుతుంది. పై చేయడానికి ముక్కలు ఉడికించొద్దు. సగానికి కోసి బోర్లించి ఓవెన్‌లో కాల్చి, గుజ్జుని పల్చటి బట్టలో వడకట్టండి. మిగిలింది దప్పళంలోకి దివ్యంగా ఉంటుంది.

గింజలు దాచుకోవాలంటే దగ్గర్లో బటర్‌నట్ స్క్వాష్ వేయకండి, అదీ మోస్కాటాయే, రెండూ కలిసిపోతాయి. ఈ ఏటి కాయకి ఏమీ కాదు గానీ, ఆ గింజ నుంచి వచ్చే ఏడాది ఏం కాస్తుందో చెప్పలేం. వింటర్ లగ్జరీ గింజలైతే ఇంకా జాగ్రత్త, తినడానికి కాక అలంకరణకి పెంచే గోర్డ్ అనే చిన్న కాయల తీగలతో కలిస్తే, ఆ గింజ నుంచి వచ్చే ఏడాది కాసే కాయ చేదు కావచ్చు. అలాంటి చేదు కాయ వండినా విషమే, ముక్క నాలుకకి చేదు తగిలితే ఉమ్మేసి మొత్తం పారేయండి.